మూడు గంటలు నిలబడ్డా వాలంటీర్ యూనిఫాం ఇవ్వలేదు, ఎవరైనా చెప్పండి

వక్రా రాజు | అక్టోబరు 28, 2022, సాయంత్రం 5:40

అందరికీ నమస్కారం. పొద్దున్నుంచి తల పగిలిపోతోంది. ఇక్కడ దోహాలో ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కి వాలంటీర్‌గా చేరాను, యూనిఫాం తెచ్చుకుందామని వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చాను. శుక్రవారం కదా, మధ్యాహ్నం రెండింటి దాకా మెట్రో ఉండదు, అందుకని పొద్దున్నే టాక్సీలో వెళ్ళాను. మూడు గంటలు క్యూ. తీరా కౌంటర్ దగ్గరికి వెళ్తే, ఆ అమ్మాయి నా ఫోన్‌లో క్యూఆర్ స్కాన్ చేసింది, స్క్రీన్ చూసింది, మళ్ళీ స్కాన్ చేసింది. పెండింగ్ అని ఉంది, ఈమెయిల్ చూసుకోండి అని చెప్పి వెనకాల అతన్ని పిలిచేసింది. నాకు ముందు నిలబడిన కేరళ అతను సంచి భుజాన వేసుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోతుంటే అలా చూస్తూ ఉండిపోయాను.

ఇంటికొచ్చి రెండు గంటలుగా మెయిల్ మొత్తం వెతికాను. స్పామ్ కూడా చూశాను. ఏమీ లేదు. నాకు వారానికి ఒక్క శుక్రవారమే సెలవు. ఎవరికైనా ఇలా జరిగిందా? ఏం చేయాలి?

సల్వా రోడ్ 33 | 5:52

అక్రెడిటేషన్ అయిందా? అంటే స్టేడియంలో పనిచేయడానికి ఇచ్చే అనుమతి.

వక్రా రాజు | 5:58

అన్నీ అయ్యాయి అండి. ఇంటర్వ్యూ అయింది, ట్రైనింగ్ అయింది, హయ్యా కార్డు కూడా వచ్చింది.

సల్వా రోడ్ 33 | 6:01

హయ్యా వేరు. అక్రెడిటేషన్ వేరు.

పలాస కుర్రాడు | 6:10

అన్నా, వాలంటీర్ అంటే నెలకు ఎంత ఇస్తారు? మా ఊళ్ళో వాలంటీర్లకు 5,000 ఇస్తున్నారు. ఖతర్‌లో రియాల్స్‌లో ఇస్తారా? నేను డిసెంబరులో వీసా మీద వద్దామనుకుంటున్నాను.

మాస్టారు, రాజమండ్రి | 6:34

బాబూ, అది వేరు, ఇది వేరు. మన రాష్ట్రంలో 2019 ఆగస్టు 15న మొదలైన గ్రామ వాలంటీర్ పద్ధతిలో యాభై ఇళ్ళకు ఒకరు చొప్పున పెట్టి, నెలకు 5,000 గౌరవ వేతనం ఇస్తున్నారు. దానివల్ల మన వాళ్ళలో వాలంటీర్ అనగానే చిన్న ఉద్యోగం అనే అర్థం స్థిరపడిపోయింది. దోహాలో మా అబ్బాయి కూడా వరల్డ్ కప్ వాలంటీర్‌గా చేస్తున్నాడు. డ్యూటీ రోజున భోజనం, యూనిఫాం, అంతే. జీతం లేదు. ప్రపంచకప్ మొత్తంలో కనీసం పది షిఫ్టులు చేస్తానని ఒప్పుకోవాలి. అలాంటి ఇరవై వేల మంది కలిస్తేనే ఇంత పెద్ద పండుగ నడుస్తుంది. ఈ మనుషుల్ని మనం స్వచ్ఛంద సేవకులు అని పిలవాలి. మాటకు ఉన్న విలువ పోగొట్టుకోకూడదని నా మనవి.

కరీంనగర్ అన్న | 6:41

సేవకులు అంటే పనివాళ్ళు అన్నట్టు వినిపిస్తుంది మాస్టారూ. కార్యకర్తలు అంటే బాగుంటుంది.

మాస్టారు, రాజమండ్రి | 6:55

కార్యకర్త అంటే ఇప్పుడు ఎవరైనా ఏ పార్టీ అని అడుగుతారు నాయనా. సేవ చేసేవాడు సేవకుడు, అందులో చిన్నతనం ఏముంది?

కరీంనగర్ అన్న | 6:58

మా దిక్కు వాలంటీర్ అనే అంటాం. అందరికీ అర్థమవుతుంది కదా, చాలు.

నర్సక్క | 7:15

రాజు తమ్ముడూ, నేను పోయిన మంగళవారం తెచ్చుకున్నాను. నాకు జరిగింది చెప్తాను. ముందు ఒక కౌంటర్‌లో అక్రెడిటేషన్ కార్డు ఇచ్చారు, ఫొటోతో మెడలో వేసుకునేది. అది చేతికి వచ్చాకే యూనిఫాం వైపు పంపారు. సల్వా రోడ్ గారు అన్నది నిజమే. హయ్యా మ్యాచ్ చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం. స్టేడియంలో పనిచేసేవాళ్ళకు మెడలో కార్డు ఉండాలి. నీ క్యూఆర్ దగ్గర పెండింగ్ అని వచ్చిందంటే కార్డే ఇంకా ఓకే అవ్వలేదని నా అనుమానం. నువ్వు మార్చిలో ఏ మెయిల్‌తో అప్లై చేశావు? ఇప్పుడు ఏ మెయిల్ చూస్తున్నావు?

సైజు సందేహం | 7:22

అక్కా, బూట్లు ఎలా ఉన్నాయి? నేను ఫారంలో 9 అని పెట్టాను, ఇప్పుడు భయంగా ఉంది.

నర్సక్క | 7:40

బూట్లు అడిడాస్‌వి. నాలుక లోపలి లేబుల్ మీద చాలా నంబర్లు ఉంటాయి, యూఎస్, యూకే, ఎఫ్ఆర్, జే అని. మన ఊళ్ళో షాపులో 9 అంటే అది యూకే 9. అడిడాస్ లెక్కలో అదే యూఎస్ 9½, ఎఫ్ఆర్ 43⅓. ఫారంలో అడిగింది యూఎస్ సైజు అయితే, నువ్వు పెట్టిన 9కి అర సైజు చిన్నవి వస్తాయి. రోజంతా నిలబడే డ్యూటీ, అర సైజు తేడా కూడా మడమ దగ్గర తెలిసిపోతుంది. పదిహేనేళ్ళుగా వార్డులో నిలబడుతున్నాను కాబట్టి చెప్తున్నాను. నువ్వు వేసుకునే మందం మేజోళ్ళు తీసుకెళ్ళి, అవి తొడుక్కుని అక్కడే నాలుగడుగులు నడిచి చూడు. జాకెట్ కూడా వేసుకుని చేతులు పైకెత్తి చూడు. మనం దారి చూపించాలి కదా, చెయ్యెత్తితే మణికట్టు పైకి లాగేసుకుంటే ఇబ్బంది. సిగ్గుపడకుండా మార్చమని అడుగు.

వక్రా రాజు | 8:05

అక్కా, మార్చిలో కంపెనీ మెయిల్‌తో అప్లై చేశాను. ఇంటర్వ్యూ కూడా దాంతోనే అయింది. ఆగస్టులో కంపెనీ మారాను కదా, ఆ మెయిల్ తీసేశారు. అందుకని సెప్టెంబరులో జీమెయిల్‌తో మళ్ళీ కొత్త ప్రొఫైల్ చేశాను. ట్రైనింగ్ లింకులు మా రూమ్‌మేట్ పంపితే చూశాను.

సల్వా రోడ్ 33 | 8:07

ఇది మొదటే చెప్పాలి.

ఇండస్ట్రియల్ ఏరియా | 8:12

తమ్ముడూ, కంపెనీ ఎలా మారావు? ఎన్‌వోసీ, అదే పాత కంపెనీ అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం, ఇచ్చారా? మా కంపెనీ వాళ్ళు ఇవ్వం అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

కరీంనగర్ అన్న | 8:20

2020 సెప్టెంబరు నుంచి ఖతర్‌లో కంపెనీ మారడానికి ఎన్‌వోసీ అక్కర్లేదు అన్నా. నోటీసు ఇస్తే చాలు. రెండేళ్ళ లోపు పనిచేస్తే నెల, అంతకన్నా ఎక్కువైతే రెండు నెలలు. నోటీసు ఇవ్వకుండా మాత్రం పోవద్దు, తర్వాత కేసు అయితే మనమే తిరగాలి. మా ఊరోళ్ళు ఇద్దరు అట్లనే ఇరుక్కున్నారు. కాగితం మీద రాసి, ఫొటో తీసి పెట్టుకో. నోటిమాట నమ్మకు.

మాస్టారు, రాజమండ్రి | 8:31

ఇది వేరే విషయం కదా, విడిగా పెడితే అందరికీ పనికొస్తుంది.

ఇండస్ట్రియల్ ఏరియా | 8:33

సరే సార్. కరీంనగర్ అన్నా, మీకు విడిగా మెసేజ్ పెడతాను.

నర్సక్క | 8:50

రాజూ, అదే కారణం. నిన్ను సెలెక్ట్ చేసింది పాత ప్రొఫైల్‌లో. నువ్వు చూపించిన క్యూఆర్ కొత్త దానిది, అందులో ఏ డ్యూటీ లేదు కాబట్టి పెండింగ్. మెయిల్ బాక్స్ పోయినా లాగిన్ పేరు పోదు తమ్ముడూ. వాలంటీర్ల పోర్టల్‌లో పాత మెయిల్ అడ్రస్సే టైప్ చేసి, పాత పాస్‌వర్డ్ పెట్టి చూడు. పాస్‌వర్డ్ మర్చిపోయాను అని మాత్రం నొక్కకు, ఆ లింకు పాత మెయిల్‌కే పోతుంది.

ఖోర్ మల్లన్న | 9:30

నాది సందేహం కాదు. నేను అల్ బైత్ స్టేడియం కట్టేటప్పుడు స్కాఫోల్డింగ్ పని, అంటే పరంజా కట్టే పని చేశాను, మూడేళ్ళు. ఆ గుడారం కప్పు కింద ఇనుము ఎంత ఉందో మాకే తెలుసు. ఎండకి గొట్టం పట్టుకుంటే గ్లౌజులోంచి కూడా కాలేది. వాలంటీర్‌కి అప్లై చేద్దామనుకున్నా, డ్యూటీ వల్ల కుదరలేదు. ఇక్కడ ఐడీ ఉన్నవాళ్ళకు 40 రియాల్ టికెట్లు ఉన్నాయంటే ఒకటి తీసుకున్నాను. మీరు ఎవరైనా అల్ బైత్‌లో డ్యూటీ చేస్తే, మెట్ల దగ్గర మా జగిత్యాల వాళ్ళు కనిపిస్తే కాస్త దగ్గరుండి సీటు చూపించండి. మాకు ఇంగ్లీషులో నంబర్లు తప్ప ఏమీ చదవరాదు.

నర్సక్క | 9:36

మల్లన్నా, నా డ్యూటీ అల్ తుమామా స్టేడియంలో. అల్ బైత్‌లో మా హాస్పిటల్ అమ్మాయి ఉంది, తనకి తప్పకుండా చెప్తాను. నీ బ్లాక్ నంబరు నాకు మెసేజ్ పెట్టు.

వక్రా రాజు | 9:48

పాస్‌వర్డ్ పడింది అక్కా!! పాత దాంట్లో అక్రెడిటేషన్ ఓకే అని ఉంది. అపాయింట్‌మెంట్ 26న ఇచ్చారు, అది దాటిపోయింది. మళ్ళీ తీసుకోవచ్చా?

నర్సక్క | 9:55

మార్చుకునే బటన్ ఉందేమో చూడు. లేకపోతే అక్కడే హెల్ప్ డెస్క్‌లో ఖతర్ ఐడీ చూపించి అడుగు. కొత్త ప్రొఫైల్ సంగతి కూడా చెప్పి తీసేయించు, మెయిల్ మార్పించుకో. లేకపోతే షిఫ్టుల మెసేజ్‌లు కూడా పాత దానికే పోతాయి.

సల్వా రోడ్ 33 | 10:02

కారులో అయితే నవంబరు 1 నుంచి కార్నిష్, అదే సముద్రం ఒడ్డు రోడ్డు, బంద్. 11 నుంచి శుక్రవారం మెట్రో 9కే మొదలు.

వక్రా రాజు | నవంబరు 4, రాత్రి 7:20

దొరికింది. ప్యాంటు రెండంగుళాలు పొడవు, టైలర్‌కి ఇచ్చాను. 22న అల్ జనూబ్ స్టేడియంలో ఫ్రాన్స్ మ్యాచ్‌కి మొదటి డ్యూటీ. థ్యాంక్స్ అక్కా, సల్వా రోడ్ అన్నా.

సైజు సందేహం | నవంబరు 6, ఉదయం 8:15

అక్కా, నాకు 8½ ఇచ్చారు, ఇంటికొచ్చాక వేలు తగులుతోంది. ఒకసారి బయటికి తెచ్చాక మారుస్తారా? ఎవరైనా మార్చుకున్నారా?