అప్‌డేట్: మా ఆర్‌వీ ఏసీలో మంచు పట్టడం ఆగింది

అమెరికాలోని టెక్సస్‌లో, గాల్వెస్టన్ తీరంలో మా ఆర్‌వీ (చక్రాల మీద ఇల్లులాంటి బండి) పైకప్పు ఏసీ రెండు గంటలు నడిచేసరికి మంచు గడ్డకట్టి గాలి ఆగిపోతోందని పోయిన నెల ఇక్కడ అడిగాను. గ్యాస్ తగ్గి ఉంటుందని ఎక్కువమంది అన్నారు. మా ఏసీకి ఫ్యాక్టరీలోనే గ్యాస్ నింపి సీలు వేశారు, నింపే వాల్వే లేదు. అందుకే ముందు గాలి దారి చూడాలనుకున్నాను.

ఫిల్టర్ కడిగితే కొంతే మెరుగైంది. లోపలి మూత విప్పాక అసలు సంగతి కనిపించింది. చల్లగాలి బయటికొచ్చే అరకూ, గదిలోని గాలిని పీల్చుకునే అరకూ మధ్య గోడకు అంటించిన అల్యూమినియం టేపు ఊడి వేలాడుతోంది. రెండు వేళ్లు పట్టేంత సందు! అగరుబత్తి వెలిగించి అక్కడ పెడితే పొగంతా సర్రున పీల్చే అరవైపే పోయింది. చల్లగాలే మళ్లీ కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల వరస) మీదికి వెళ్తుంటే కాయిల్ 0 డిగ్రీల కిందికి దిగదా? సముద్రపు తేమ దానిమీదే గడ్డకట్టింది. పైగా మంచు పడితే కంప్రెసర్‌ను ఆపాల్సిన సెన్సర్ కాయిల్‌కుండే పలుచటి లోహపు రెక్కల్లోంచి జారిపోయి ఉంది.

ఫ్యాన్ మాత్రమే నడిపి మంచు కరిగించాను. దయచేసి కత్తితో గీకకండి, కాయిల్‌కు చిల్లు పడితే ఏసీ పోయినట్లే. జిడ్డు తుడిచి కొత్త టేపు వేసి, సెన్సర్‌ను రెక్కల మధ్య గట్టిగా దూర్చాను. నిన్న ఫ్యాన్ ఎక్కువ వేగంలో రాత్రంతా నడిచింది, మంచు జాడే లేదు. మధ్య గోడ చూడమన్న అన్నగారికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.