బ్యోర్క్ ఆల్బమ్స్‌లో ముందు ఏది వినాలి?

ప్రశ్న: ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ పాటలు రెండు మూడు విన్నాను, ఆ గొంతు వదలడం లేదు. మొన్న 2004 నాటి 'మెడుల్లా' పెట్టి మూడో పాటకే ఆపేశాను, ఒకటే మూలుగులూ ఊపిరి చప్పుళ్లూ. తప్పు నాదా, ఆల్బమ్‌దా?

జవాబు: ఎవరిదీ కాదండీ, మొదలుపెట్టిన చోటే తప్పు. అందులో దాదాపు అన్నీ మనిషి గొంతుతో చేసిన శబ్దాలే, డ్రమ్స్ అనిపించేవి కూడా చాలావరకు నోటితో వేసిన బీట్లే. ముందు 'హోమోజెనిక్' వినండి, 1997ది. కింద గరగరలాడే బీట్లు, పైన వయొలిన్లు, వాటిని చీల్చుకుంటూ ఆమె గొంతు. కాస్త గట్టిగా పెట్టుకోండి.

జవాబు: నా ఓటు 'వెస్పర్‌టైన్'కి, 2001లో వచ్చింది. 'హోమోజెనిక్' ఎదురుగా నిలబడి అరిస్తే ఇది చెవిలో గుసగుసలాడుతుంది. హార్ప్, మ్యూజిక్ బాక్స్, చిటపటమనే చిన్న చిన్న చప్పుళ్లు... ఇయర్‌ఫోన్స్ లేకపోతే సగం పోయినట్టే. అబద్ధమెందుకు, మొదటిసారి నాకు నిద్రొచ్చింది, నాలుగోసారి రాత్రి లైట్లు ఆర్పేసి విన్నాక గానీ ఎక్కలేదు.

జవాబు: అందరూ పాతవే చెబుతారేంటి! 'వల్నిక్యూరా' 2015ది, విడిపోయిన బాధంతా తీగవాద్యాల మీద పెట్టింది, ఒక పాటైతే పది నిమిషాలు. 2022 నాటి 'ఫొసోరా'లో బాస్ క్లారినెట్లు, చనిపోయిన అమ్మ కోసం రాసిన పాటలు. 'వోల్టా' మాత్రం నాకు అతుకుల బొంతే.

ప్రశ్న అడిగింది నేనే: 'హోమోజెనిక్' రెండుసార్లు అయింది. మొదటి పాటలో కవాతులా దొర్లే ఆ డ్రమ్ దగ్గరే పడిపోయాను. 'మెడుల్లా' సంగతి తర్వాత చూద్దాం.