శరీర టిష్యూ గరుకుదనం లేజర్‌తో కొలిస్తే నమ్మొచ్చునా?

అనంత_ఎమ్మెస్సీ:
ప్రాజెక్టుకి మేక మోకాలి కార్టిలేజ్ (కీలులో ఎముక చివర ఉండే మెత్తటి పొర) మీద 632.8 నానోమీటర్ల హీలియం-నియాన్ లేజర్ కొట్టి, చెదిరిన కాంతిని బట్టి గరుకు ఎంతో చెప్దామని అనుకుంటాండాం. సీనియర్ ఒకాయన మాత్రం అదంతా వద్దు, సిలికాన్‌తో అచ్చు తీసి దాన్ని కొలువు అంటాడు. మీరేమంటారన్నా?

కడప_బండ:
సీనియర్ చెప్పిందే రైటు. అద్దంలా తిరిగొచ్చే కాంతి ఎంత తగ్గిందో చూసి గరుకు చెప్పే లెక్క 1961లో బెనెట్, పోర్టియస్ ఇచ్చినారు, అది గరుకు లేజర్ వేవ్‌లెంగ్త్ (కాంతి తరంగం పొడవు) కన్నా బాగా తక్కువున్నప్పుడే పనిచేస్తాది. పైగా టిష్యూలో పైపొర నుంచి తిరిగొచ్చేది సుమారు 3 శాతమే, మిగతాదంతా లోపలికి పోతాది, అందులో కొంత తిరిగి తిరిగి బయటికొస్తాది. నల్ల కడప బండ మీద లేజర్ కొట్టి చూడు, తెల్ల మార్బుల్ మీద కొట్టి చూడు, మార్బుల్‌లో చుక్క చుట్టూ వెలుగు పాకుతాది కదా, టిష్యూ ఆ జాతిది. ఇంకోటి, తడి కార్టిలేజ్ మీద నీటి పొర నున్నగా ఉంటాది, నువ్వు కొలిచేది ఆ నీళ్లనే!

కర్నూల్_ఆప్టిక్స్:
అచ్చు మాత్రం ఏం సుఖం బ్రో? తడి మీద సిలికాన్ సరిగా పట్టదు, బుడగలొస్తాయి, మెత్తటి టిష్యూ నొక్కుకుపోతాది, ఆరబెడితే ముడుచుకుంటాది. దానికన్నా పోలరైజర్ (ఒకే దిక్కున ఊగే కాంతినే వదిలే షీటు) పెట్టు. పైన తగిలి వెనక్కొచ్చే కాంతికి పోలరైజేషన్ (ఊగే దిక్కు) అట్లే ఉంటాది, లోతుకి పోయొచ్చినదానికి చెదిరిపోతాది. పోలరైజర్ సమాంతరంగా ఒక ఫోటో, అడ్డంగా ఒక ఫోటో, ఒకదాంట్లోంచి ఇంకోటి తీసెయ్. లోపలి వెలుగు చాలావరకు పోతాది.

కడప_బండ:
పోదు సామీ, పైపైన ఒకట్రెండుసార్లే చెదిరిన కాంతికీ పోలరైజేషన్ మిగులుతాది. స్పెకిల్ (గరుకు మీద లేజర్ పడితే కనబడే చుక్కచుక్కల మెరుపు) కాంట్రాస్ట్ చూస్తామంటారేమో, ఒకే వేవ్‌లెంగ్త్‌తో గరుకు కొంచెం పెరగ్గానే అది పెరగడం ఆగిపోతాది, గరుకు 5 మైక్రాన్లైనా 20 అయినా ఒకటే.

కర్నూల్_ఆప్టిక్స్:
అందుకే దగ్గర దగ్గరగా ఉండే రెండు వేవ్‌లెంగ్త్‌లు వాడి ఆ రెండు స్పెకిల్స్ ఎంత కలుస్తాయో చూస్తారు, గరుకు పెరిగేకొద్దీ పోలిక తగ్గుతాది. అయినా పిల్లోడికి మైక్రాన్లలో నంబర్ ఎందుకబ్బా, మంచి ముక్క, అరిగిన ముక్క పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువ గరుకో తేలితే చాలు.

కడప_బండ:
అట్లయితే రిపోర్టులో మైక్రాన్లు అని రాయకూడదు. అంతే నా గొడవ.

అనంత_ఎమ్మెస్సీ:
ఒకే కీలులో సగానికి లేజర్, సగానికి అచ్చు, రెండూ చేస్తాలే. పోలరైజర్ షీటు అనంతపురంలో యాడ దొరుకుతాది?

కర్నూల్_ఆప్టిక్స్:
పాత ఎల్‌సీడీ మానిటర్ రిపేర్ అంగడిలో అడుగు, ఊడదీసిస్తారు. లేజర్ ముందర కూడా ఒకటి పెట్టు, చవక లేజర్‌కి పోలరైజేషన్ కుదురుగా ఉండదు, వేడెక్కినాకే రీడింగ్ తీసుకో.