లంబసింగిలో అద్దె టెంటా, సొంత సామానా?

గాజువాక వాసి:
నమస్కారం. డిసెంబరు చివరి వారంలో నేను, మా ఆవిడ, పన్నెండేళ్ల, ఎనిమిదేళ్ల పిల్లలిద్దరు నర్సీపట్నం మీదుగా కారులో లంబసింగి వెళ్లి రెండు రాత్రులు ఉండాలనుకుంటున్నాము; సంక్రాంతి తరువాత కుదిరితే గండికోట కూడా చూడాలని ఉంది. లంబసింగి, తాజంగి పరిసరాలలో ముందే వేసి ఉంచిన టెంట్లను పరుపు, దుప్పట్లతో సహా అద్దెకు ఇస్తున్నారు. ఇద్దరు పట్టే టెంటుకు రాత్రికి 1,500 రూపాయలని మాకు చెప్పారు, అంటే రెండు టెంట్లకు రెండు రాత్రులకు 6,000. దానికి ఇంకొంత కలిపితే నలుగురు పట్టే టెంటు సొంతానికే వచ్చేస్తుంది కదా అని నా ఆలోచన. మేము ఏడాదికి రెండు, మహా అయితే మూడు సార్లు ఇలా వెళ్తాము. పోయిన ఏడాది అద్దె టెంటులో పిల్లలు చలికి రాత్రంతా వణికిపోయారు. టెంటు నాసిరకం కావడమే కారణమని నాకు అనిపించింది. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

కొండదారి:
ముందుగా ఒక మాట: మీ పిల్లలు వణికినందుకు నేనైతే టెంటును తప్పుపట్టను. టెంటు గాలిని, మంచును, వానను ఆపుతుందే గాని వెచ్చదనాన్ని ఇవ్వదు. పలుచటి పాలిస్టరు గుడ్డకు ఆ శక్తి లేదు, అది 3,000 రూపాయలదైనా 30,000 రూపాయలదైనా. సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊళ్లో, తెల్లవారుజామున నేల మీ ఒంటి వేడిని లాగేస్తూ ఉంటుంది. ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని ఆ ఊరికి కొర్రబయలు అనే పేరు వచ్చిందని అక్కడివారు చెబుతారు. పేరు పెట్టినవారు నేల మీద పడుకొని చూసే ఉంటారు.

దుప్పటి గాని, స్లీపింగ్ బ్యాగు గాని మన బరువుకు కింద అణిగిపోతుంది, అణిగిన చోట అందులో గాలి నిలవదు, గాలి నిలవని చోట వేడి ఆగదు. అందుకే ఒంటి కిందికి గట్టి ఫోము చాప కావాలి. అద్దె టెంట్లలో వేసే పరుపు తరచుగా పలుచబడిపోయి ఉంటుంది. అరచేతితో గట్టిగా నొక్కితే కింది నేల గట్టిదనం చేతికి తెలిసిందంటే, రాత్రికి అది మీ నడుముకూ తెలుస్తుంది. కాబట్టి ఈసారికి టెంటు అద్దెకే తీసుకొని, నాలుగు ఫోము చాపలు, నాలుగు స్లీపింగ్ బ్యాగులు మాత్రం కొనుక్కోండి. బ్యాగు మీద సాధారణంగా రెండు మూడు ఉష్ణోగ్రతలు ముద్రిస్తారు. వాటిలో ‘కంఫర్ట్’ అన్న అంకెనే లెక్కలోకి తీసుకోవాలి, ‘ఎక్స్‌ట్రీమ్’ అన్నది ప్రాణం నిలబడే హద్దే తప్ప నిద్ర పట్టే హద్దు కాదు. లంబసింగి డిసెంబరుకు కంఫర్ట్ 5 డిగ్రీలో, అంతకన్నా తక్కువో ఉన్నది చూడండి.

పెన్నాతీరం:
చాపల విషయంలో పై మిత్రునితో ఏకీభవిస్తాను గాని, టెంటు కొననక్కరలేదన్న మాటతో కాదు. అద్దె టెంట్లు నెలల తరబడి ఎండలో నిలబడే ఉంటాయి కనుక గుడ్డ పెళుసుబారుతుంది, కుట్ల దగ్గర పూత రాలిపోతుంది. నేను ఒకచోట దిగిన టెంటుకు జిప్పు సగం వరకే వచ్చి ఆగిపోయింది. రాత్రంతా ఆ సందును నా తువ్వాలుతో కప్పి పడుకున్నాను. కనీసం డబ్బు కట్టకముందే జిప్పును రెండుసార్లు పూర్తిగా లాగి చూడండి.

గండికోట సంగతి వేరు. అక్కడ లోయ అంచున చాలాచోట్ల రాతినేలే; మేకు దిగదు, బలవంతంగా కొడితే వంగిపోతుంది. కాబట్టి మేకులు లేకపోయినా తన కమ్మీల మీద తానే నిలబడే గుమ్మటం ఆకారపు టెంటునే ఎంచుకోవాలి. తాళ్లను పెద్ద రాళ్లకు కట్టుకోవాలి. పెన్నా లోయ మీదుగా వచ్చే గాలికి ఖాళీ టెంటు ఎగిరిపోవడం నేను చూశాను, అందువల్ల వేసిన వెంటనే లోపల బరువు పెట్టండి.

అద్దెదైనా సొంతదైనా ఒక్కటి మరచిపోవద్దు. చలి ఎంత ఉన్నా నిప్పుల కుంపటిని, గ్యాసు పొయ్యిని టెంటు లోపలికి తేకండి. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మూడో అంతస్తు:
కొనేటప్పుడు ఎవరూ చెప్పని సంగతి, తిరిగి వచ్చాక మొదలయ్యే పని. లంబసింగి మంచులో నిలబడిన టెంటు బయట మంచుతోను, లోపల నలుగురి ఊపిరి చెమ్మతోను తడిసి ముద్దవుతుంది. మొదటిసారి తెల్లవారుజామున ముఖం మీద బొట్లు పడితే పైకప్పు కారుతోందని దుకాణదారుతో పోట్లాడడానికి సిద్ధమయ్యాను. నిజానికి నేనే చలికి భయపడి గాలి కిటికీలన్నీ మూసేశాను. ఆ టెంటును అలాగే చుట్టి, సోమవారం ఆఫీసు ఉందని డిక్కీలోనే వదిలేశాను. పది రోజుల తరువాత విప్పితే నల్లటి బూజు, ఎంత ఉతికినా పోని ముక్క వాసన. మా అపార్టుమెంటు బాల్కనీలో నలుగురు పట్టే టెంటును పరచి ఆరబెట్టడం అసాధ్యం, మేడ మీదికి తీసుకుపోవాలంటే అసోసియేషన్ వారిని అడగాలి. మీకు డాబా ఉంటే కొనండి. లేకపోతే ఏడాదికి రెండు ప్రయాణాల కోసం ఆ చాకిరీ ఎందుకో ఆలోచించండి.

గాజువాక వాసి:
అందరికీ ధన్యవాదాలు. మాకు డాబా ఉంది గాని, ఈసారికి చాపలు, బ్యాగులే కొంటున్నాను. పరుపులు, దుప్పట్లు మాకు వద్దంటే అద్దె ఏమైనా తగ్గిస్తారా?

కొండదారి:
వారాంతంలో తగ్గించరు, మామూలు రోజుల్లో అడిగి చూడవచ్చు. అయినా పరుపు వద్దనకండి. దాని మీద మీ చాప వేసుకుంటే ఇంకా మంచిది.