ఘాటులో లోడు మీద లాగని బీఎస్6 డీజిల్ పికప్: డీపీఎఫ్ క్లీన్ చేయించాలా, టర్బో మార్చాలా?

ప్రశ్న (పలాస)

బీఎస్6 డీజిల్ పికప్. కామన్ రైల్ ఇంజను, టర్బో (ఇంజన్లోకి గాలి ఒత్తి పంపేది), ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, సైలెన్సర్ లైన్లో డీపీఎఫ్ (పొగలోని మసి పట్టే ఫిల్టరు) ఉన్నాయి. ఉద్దానం కొబ్బరికాయలు ఒకటిన్నర టన్ను వేసుకొని కొరాపుట్ వైపు వెళ్తాది. రామభద్రపురం వరకు బాగానే లాగుతాది. సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కుతుంటే మూడో గేరులో ఒక్కసారిగా దమ్ము పడిపోయి, ఎంత తొక్కినా ఆర్పీఎం 2,500 దాటదు, చెక్ ఇంజన్ లైటు వస్తాది. పక్కకి ఆపి, కీ తీసి మళ్ళీ స్టార్ట్ చేస్తే మామూలే. ఖాళీ బండికి ఏ ఇబ్బందీ లేదు. నల్లపొగ అస్సలు లేదు. ఎయిర్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు కొత్తవే. స్కానర్లో రెండు కోడ్లు ఉన్నాయి: పీ0299, పీ2463. ఒక షెడ్డులో డీపీఎఫ్ విప్పి కడగాలంటున్నారు, ఇంకో చోట టర్బో మార్చాలంటున్నారు. ముందు ఏటి చెయ్యాలి అన్నా?

జవాబు (నరసన్నపేట, డీజిల్ మెకానిక్)

తమ్ముడూ, రెండూ ఇప్పుడే వద్దు. పీ0299 అంటే టర్బో ఇవ్వాల్సినంత బూస్ట్, అంటే ఒత్తి పంపే గాలి పీడనం, రావడం లేదని. పీ2463 అంటే డీపీఎఫ్‌లో మసి ఎక్కువ పేరుకుందని. ఈ రెండూ కలిసి వస్తే చాలాసార్లు మొదటిదే కారణం, రెండోది దాని ఫలితం. గాలి తగ్గితే డీజిల్ పూర్తిగా కాలదు, మసి పెరుగుతుంది, ఆ మసి వెళ్ళి డీపీఎఫ్‌లో కూర్చుంటుంది. గాలి ఎక్కడ లీకవుతోందో చూడకుండా డీపీఎఫ్ కడిగిస్తే కొన్నాళ్ళకి అదే లైటు మళ్ళీ వస్తుంది.

నల్లపొగ లేదని మోసపోకండి. బీఎస్4 బండిలో గాలి లీకయితే వెనకాల నల్లగా కనిపించేది. ఇక్కడ మసిని డీపీఎఫ్ పట్టేస్తుంది కాబట్టి పొగ చూసి తేల్చలేం. సైలెన్సర్ చివర గొట్టంలో వేలు పెట్టి తుడవండి. దాదాపు శుభ్రంగా ఉంటే డీపీఎఫ్ లోపల బాగుందని అర్థం. వేలికి నల్లగా మసి అంటితే లోపలి పింగాణీ పగిలిందని అనుమానించాలి.

ఖాళీ బండికి రాకుండా లోడు మీదే వస్తోందంటే బూస్ట్ ఎక్కువ కావాల్సినప్పుడే ఎక్కడో తెరుచుకుంటోంది. షెడ్డులో న్యూట్రల్‌లో పెట్టి ఎంత రేజ్ చేసినా అది దొరకదు, లోడు లేనిదే టర్బో నిండుగా బూస్ట్ కట్టదు.

ముందు పైసా ఖర్చు లేని పరీక్ష. ఇంజన్ ఆపి కీ మాత్రం ఆన్ చేసి, స్కానర్లో రెండు రీడింగులు చూడండి: బయటి గాలి పీడనం, బూస్ట్ సెన్సర్ పీడనం. పలాసలో రెండూ 1,000 మిల్లీబార్‌కి అటూ ఇటుగా, దాదాపు ఒకటే రావాలి. బాగా తేడా ఉంటే సెన్సర్ గానీ దాని కనెక్టర్ గానీ తప్పు చెబుతోంది. డీపీఎఫ్‌కి ముందూ వెనకా పీడనం తేడా చూపించే సెన్సర్ అప్పుడు సున్నా చూపాలి. సున్నా రాకపోతే మసి లెక్కే తప్పు కావచ్చు. ఆ సెన్సర్‌కి వెళ్ళే రెండు సన్న రబ్బరు గొట్టాలు ఎండి పగులుతాయి, చేత్తో వంచి చూడండి.

ఆ తర్వాత హోసులు. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి ఒకటి, ఇంటర్‌కూలర్ నుంచి ఇంజన్‌కి ఒకటి. లోపల సన్నని ఆయిల్ పొర ఉండడం మామూలే. బయట క్లిప్పు చుట్టూ గానీ కింది వంపులో గానీ ఆయిల్ తడికి దుమ్ము అంటుకొని నల్లమచ్చ కట్టిందా చూడండి. గాలి బయటికి వచ్చే చోట చాలాసార్లు ఆ మచ్చ ఉంటుంది. చీలిక చాలాసార్లు కింది వైపే ఉంటుంది, పైనుంచి కనపడదు. హోసు విప్పి చేత్తో మెలిపెట్టి చూడాలి.

దొరక్కపోతే సబ్బునీళ్ళ పరీక్ష. టర్బోకి గాలి వచ్చే వైపు పైపు తీసి, అక్కడ వాల్వు బిగించిన మూత పెట్టి, 0.5 నుంచి 0.7 బార్ గాలి మాత్రమే ఎక్కించి, జాయింట్లన్నింటి మీదా సబ్బునీళ్ళు కొట్టండి. కంప్రెసర్ నిండు ప్రెషర్ పెడితే సీళ్ళు పోతాయి.

టర్బో వంతు ఇదంతా అయ్యాకే. గాలి పైపు తీసి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు షాఫ్ట్ పట్టుకొని కదపండి. పక్కలకి కొద్దిగా ఆడడం సహజం. ముందుకీ వెనక్కీ ఆడినా, రెక్కలు కేసింగ్‌కి రాసుకున్న గీతలున్నా అప్పుడు టర్బో మాట ఎత్తండి.

జవాబు (విజయనగరం, లోడు బళ్ళు నడిపేవారు)

అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతాను. టర్బో యాక్యుయేటర్ (బూస్ట్‌ని పెంచి తగ్గించే భాగం) వాక్యూమ్ రకం అయితే, ఇంజన్ స్టార్ట్ చెయ్యగానే దాని రాడ్డు కదలాలి. కదలకపోతే వాక్యూమ్ గొట్టాలూ సొలినాయిడ్ వాల్వూ చూడాలి. చాలా బళ్ళలో బ్రేకు బూస్టర్‌కీ అదే వాక్యూమ్ పంపు నుంచి లైను వెళ్తుంది. బ్రేకు పెడల్ కూడా గట్టిగా ఉంటోందంటే ఆ వైపు లీకు ఉండొచ్చు, ఘాటు దిగే బండికి అది ప్రాణాపాయం, వాయిదా వెయ్యొద్దు.

ఆయిల్ గేజి చూశారా? డీపీఎఫ్ తనంతట తాను మసి కాల్చుకునేటప్పుడు సిలిండర్లలోకి అదనంగా డీజిల్ కొడుతుంది. మధ్యలో బండి ఆపేస్తే ఆ డీజిల్‌లో కొంత కిందికి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. గేజి మీద ఆయిల్ పై గీత దాటి పెరిగితే, డీజిల్ వాసన వస్తే, ఎన్ని కిలోమీటర్లయిందని లెక్క చూడకుండా ఆయిల్, ఆయిల్ ఫిల్టరు మార్చెయ్యండి. పలచబడిన ఆయిల్‌తో ముందు టర్బో బేరింగులు పోతాయి.

జవాబు (టెక్కలి)

నౌపడ ఉప్పుమడుల వైపు తిరిగే బళ్ళకి ఇంకో రోగం ఉంది, ఎర్తు వైరు తుప్పు. ఎర్తు సరిగా లేకపోతే సెన్సర్లు తప్పుడు రీడింగులు ఇస్తాయి, లేని కోడ్లు వస్తాయి. మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండోది ఇంజన్ బ్లాకుకి పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్తు పట్టీ విప్పి, తుప్పు గీకి, బిగించి, గ్రీసు రాయండి. సముద్రం పక్క తిరిగిన బండికి కింది భాగం మంచినీళ్ళతో కడగాలి.

ప్రశ్న అడిగినవారు

కీ ఆన్‌లో రెండు పీడనాలూ సరిపోయాయి, డీపీఎఫ్ సెన్సర్ సున్నా చూపించింది. ఎర్తు బాగుంది. ఇంటర్‌కూలర్ నుంచి ఇంజన్‌కి వెళ్ళే హోసు కింది వంపులో, క్లిప్పు పక్కనే రెండంగుళాల చీలిక ఉంది. మామూలుగా చూస్తే మూసుకొనే ఉంటాది, మెలిపెడితేనే తెరుచుకుంది. ఆయిల్ గేజి పై గీత కన్నా పైకి ఉంది. ఇప్పుడు డీపీఎఫ్ సంగతి ఏటి? దాన్ని తీసేసి సాఫ్ట్‌వేర్ మార్చేస్తే గొడవే ఉండదంటున్నారు.

జవాబు (నరసన్నపేట)

తీయించొద్దు. కంపెనీ ఇచ్చిన రూపు మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద తప్పు, ఫిట్‌నెస్ దగ్గరా పట్టుబడొచ్చు. డీపీఎఫ్ చెడిపోలేదు, నిండింది. అంతే.

హోసు కొత్తదే వెయ్యండి. టేపు చుట్టినా, సైకిల్ ట్యూబు కట్టినా ఘాటులో మళ్ళీ ఊడుతుంది. సాలూరు లారీల ఊరు, దారిలోనే మంచి క్లిప్పులు దొరుకుతాయి. ఈ హోసుకి స్క్రూ క్లిప్పు కాకుండా వెడల్పు పట్టీతో నట్టు బోల్టు ఉన్నది తీసుకోండి. బిగించే ముందు పైపు కొసల మీద ఆయిల్ పూర్తిగా తుడవండి, జిడ్డు ఉంటే బూస్ట్‌కి హోసు జారిపోతుంది.

తర్వాత కోడ్లు చెరిపి, స్కానర్‌తో ఫోర్స్‌డ్ రీజనరేషన్ (బండి నిలబెట్టి డీపీఎఫ్‌లోని మసిని కాల్పించడం) చేయించండి. ట్యాంకులో పావు వంతు పైగా డీజిల్ ఉండాలి. ఆయిల్ మీకు ఇప్పటికే పైకి ఉంది కాబట్టి ముందు పాత ఆయిల్‌ని గేజి మీది రెండు గీతల మధ్యకి దించండి. అంత ఎక్కువ ఆయిల్‌తో రీజనరేషన్ పెడితే ఇంజన్ ఆయిల్‌నే తాగి అదుపు తప్పి పరుగెత్తే ప్రమాదం ఉంది. పని అయ్యాక కొత్త ఆయిల్, ఫిల్టరు వెయ్యండి.

డీపీఎఫ్ లోపల వేడి 600 డిగ్రీల దాకా పోతుంది. కొబ్బరితోటలో ఎండు మట్టల మీద గానీ, గడ్డి మీద గానీ బండి పెట్టొద్దు. సిమెంటు నేల మీద, బయలులో, సైలెన్సర్ వైపు ఎవరూ లేకుండా పెట్టాలి. 20 నుంచి 40 నిమిషాలు పడుతుంది, మధ్యలో ఆపకూడదు.

ఒకటి తెలుసుకోండి. మసి కాలుతుంది, బూడిద కాలదు. పొయ్యిలో కట్టె కాలాక మిగిలినట్టు, ఇంజన్ ఆయిల్ కాలగా మిగిలిన బూడిద డీపీఎఫ్‌లో ఉండిపోతుంది. రీజనరేషన్ పూర్తయినా పీడనం తేడా దిగకపోతే అప్పుడు విప్పి కడిగించడం సరైన పని. అందుకే ఆయిల్ మాన్యువల్‌లో రాసిన తక్కువ బూడిద గ్రేడే వెయ్యాలి. డబ్బా ధర తగ్గిందని పాత గ్రేడు పోస్తే డీపీఎఫ్ తొందరగా నిండుతుంది.

జవాబు (విజయనగరం)

లోడు విషయం కూడా చూసుకోండి. ఆర్సీలో రాసిన బరువు దాటితే 194వ సెక్షన్ కింద జరిమానా 20,000 రూపాయలు, ఆ పైన అదనపు టన్నుకి 2,000. ఘాటులో మసి పెరగడానికీ ఓవర్‌లోడే దోహదం. ఎక్కేటప్పుడు మూడో గేరులో 1,500 దగ్గర గుంజుకుంటూ వెళ్ళకండి, రెండోకి దించి 2,000 పైన ఉంచండి. పైకి చేరాక ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి అప్పుడు ఇంజన్ ఆపండి. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలి.

తర్వాతి లోడు ఘాటు ఎక్కేటప్పుడు పక్కన కూర్చున్నవారి చేతికి స్కానర్ ఇచ్చి, ఇంజన్ అడుగుతున్న బూస్టూ నిజంగా వస్తున్న బూస్టూ రాసుకోమనండి. రెండూ కలిసి కదిలితే పని పూర్తయినట్టు. ఇంకా వెనకబడితే యాక్యుయేటర్, ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత మళ్ళీ ఇంజన్‌లోకి పంపేది) చూడాలి. ఆయిల్ గేజి మాత్రం కొన్నాళ్ళపాటు ప్రతి వారం, బండి చదునుగా పెట్టి, ఇంజన్ ఆపిన పది నిమిషాలకి చూడండి.