గుండు, గంధం, గోపురం: వెనుక దృశ్యం మసకబారాలా?

కొత్త కెమెరా (తిరుపతి): మొక్కు తీర్చుకుని కొండ దిగిన మా నాన్నగారిని గోవిందరాజస్వామి గుడి గోపురం ముందు నిలబెట్టి, 85 ఎం.ఎం. లెన్సుతో, ఎఫ్ 1.8 వద్ద, అంటే లెన్సు రంధ్రం (అపెర్చర్) బాగా తెరిచి, ఒకటిన్నర మీటర్ల దూరం నుంచి ఫోటో తీశాను. అప్పుడు పగలు పదకొండు గంటలు. కుడి కన్ను స్పష్టంగా వచ్చింది, ఎడమ కన్ను మసకబారింది, గంధం పూసిన గుండు తెల్లగా వెలిసిపోయింది, గోపురం రంగుల మచ్చగా మిగిలింది. నాన్నగారు చూసి, "దీన్ని పుంగనూరులోనే తీయొచ్చు కదరా" అన్నారు. తప్పు ఫోకస్‌దా, అపెర్చర్‌దా?

లెన్సుపిచ్చి: తప్పేమీ లేదండి. ముఖం కాస్త పక్కకు తిరిగినప్పుడు కెమెరాకు దగ్గరగా ఉన్న కంటి మీదే ఫోకస్ పెట్టాలి, మీరు అదే చేశారు. వెనుక మసకబారితేనే ముఖం ముందుకు వస్తుంది.

పాత స్టూడియో: ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాలో మీరు చెప్పిన లెన్సుకు, ఆ దూరంలో, స్పష్టంగా వచ్చే లోతు సుమారు మూడు సెంటీమీటర్లే కాబట్టి, ముఖం ఏమాత్రం తిరిగినా రెండో కన్ను చేజారుతుంది. రంధ్రం చిన్నది చేసి ఎఫ్ 5.6కు వస్తే అది పది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. అయితే కన్ను తరువాతి మాట. పదకొండింటి ఎండ నెత్తిన పడితే కంటి గుంటల్లో నీడ నిలుస్తుంది, కనుపాపలో మెరుపు ఉండదు. ఆరిన గంధం చర్మం కంటే చాలా లేత రంగు. నీడలో ఉన్న ముఖాన్ని చూసి కెమెరా వెలుతురు పెంచితే గుండు మీద వివరమంతా పోతుంది.

పీలేరు: తెల్ల పంచెను మడిచి నడుము ఎత్తులో ఎవరైనా పట్టుకుంటే గడ్డం కింది నీడ తగ్గుతుంది. థర్మోకోల్ అట్ట అయినా సరే.

లెన్సుపిచ్చి: కుడి కన్ను స్పష్టంగా ఉందా, లేదా? ఉంటే ఫోకస్ సరైనదే.

పాత స్టూడియో: ఉంది. దాన్ని ఎవరూ కాదనలేదు.

లెన్సుపిచ్చి: మరి ఎఫ్ 5.6 ఎందుకు? నా పెళ్లిలో ఒకాయన అందరినీ ఎఫ్ 11లో, ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీశాడు. నుదుళ్లు నూనె రాసినట్టు మెరిశాయి, వెనుక ప్లాస్టిక్ కుర్చీల వరుస మా మొహాలంత స్పష్టంగా వచ్చింది. ఆ ఆల్బమ్‌ను ఈ రోజుకీ తెరవలేను. మీలాంటి వారి పద్ధతి అదే.

పాత స్టూడియో: ఆ ఫోటోలు తీసింది నేను కాదు. మా స్టూడియోలో కొండ, గుడి గీసిన తెర ఉండేది. గుండుతో వచ్చిన ప్రతి కుటుంబం దాని ముందు నిలబడి, గోపురం పైభాగం తెగకుండా చూడమని అడిగేది. గుడిలోకి కెమెరా వెళ్లదు కనుక, వచ్చామనడానికి ఆ తెరే వారికి సాక్ష్యం. దాన్ని చూసి నవ్వినవారంతా ఇప్పుడు అసలు గోపురాన్నే చెరిపేసి కళ అంటున్నారు.

లెన్సుపిచ్చి: ఫోటో తీసేవాడికి ఒక చూపు ఉండకూడదా? అడిగింది అడిగినట్టు తీసేందుకు మనం జిరాక్సు యంత్రాలమా?

పాత స్టూడియో: ఉండాలి. కానీ గుండు కొట్టించుకున్నది మీరు కాదు.

మదనపల్లె: అసలు గొడవ ఇక్కడికి వచ్చిందన్నమాట. నేను కన్ను గురించే అనుకుంటున్నాను.

కొత్త కెమెరా: నాన్నగారు చిన్నప్పుడు అలాంటి తెర ముందే తీయించుకున్న ఫోటో మా ఇంట్లో ఉంది. అందులో తెర అంచు కూడా కనిపిస్తుంది, ఆయన దాన్నే అందరికీ చూపిస్తారు. మళ్లీ తీయాలంటే ఏం చేయాలి?

పాత స్టూడియో: ఎండ ఎక్కకముందే వెళ్లండి, అప్పుడు ముఖానికీ గోపురానికీ వెలుతురులో తేడా తక్కువగా ఉంటుంది. ఎక్కువ దృశ్యం పట్టే 35 ఎం.ఎం. లెన్సు, ఎఫ్ 8, రెండున్నర మీటర్ల దూరం. ఫోకస్ కంటి మీదే ఉంచండి. గోపురం కాస్త మెత్తబడినా అంతస్తులు లెక్కపెట్టవచ్చు. గోపురం తల మీంచి మొలిచినట్టు రాకుండా ఆయన్ని ఒక పక్కకు నిలబెట్టండి.

లెన్సుపిచ్చి: 35తో ముఖానికి మరీ దగ్గరగా వెళ్లకండి, ముక్కు పెద్దదిగా వస్తుంది. అలాగే, ఎఫ్ 1.8లో ఒకటి నా కోసం తీయండి.

కొత్త కెమెరా: రేపు పొద్దున్నే వెళ్తున్నాము. గంధం మళ్లీ పూయాలా అని నాన్నగారు అడుగుతున్నారు.

పాత స్టూడియో: పూయండి. వెలుతురు మాత్రం ముఖం మీద కొలవండి, తరువాత గుండు తెల్లబోకుండా కాస్త తగ్గించండి.