సి లాంగ్వేజ్‌లో అర్రే టోటల్ తేడా వస్తోంది, ఎవరైనా చూడండి ప్లీజ్

బెజవాడ కుర్రోడు:
అన్నలూ అక్కలూ చిన్న డౌట్, డిప్లొమా సెకండియర్ చదువుతున్నా. ఐదు సబ్జెక్టుల మార్కులు అర్రేలో పెట్టి టోటల్ తీస్తున్నా, 60, 70, 55, 80, 65 ఇచ్చా, 330 రావాలి కదా, ఒకసారి కరెక్ట్‌గానే వచ్చిద్ది ఇంకోసారి 33097 అంటది. టోటల్‌ని ముందే 0 చేశా, లూప్ ఐ = 0 నుంచి ఐ <= 5 దాకా తిప్పా. అసలు సున్నా నుంచి ఎందుకో కూడా అర్థం కాలా, ల్యాబ్‌లో అడిగితే అదంతే గుర్తుపెట్టుకో అన్నారు.

బ్రాడీపేట అన్న:
తమ్ముడూ, తప్పంతా ఆ <= దగ్గరే. 0 నుంచి 5 దాకా అంటే ఆరుసార్లు తిరిగిద్ది. అర్రే అంటే మెమరీలో వరసగా ఉండే గదులు, నీకున్నవి ఐదు, ఆరోది పక్కింటోళ్లది. 33097 లోంచి 330 తీసేయ్, 32767, అదీ ఆ గదిలో పడున్న చెత్త. అక్కడ సున్నా ఉన్న రోజు నీ టోటల్ కరెక్ట్. హద్దు దాటావని సి చెప్పదు. ఐ < 5 పెట్టు.

ఇక సున్నా. ఇండెక్స్‌ని, అంటే బ్రాకెట్‌లో రాసే నంబర్‌ని, వరస నంబర్ అనుకోబట్టే ఈ తిప్పలు, అది మొదటి గది నుంచి ఎంత దూరమో చెప్పే లెక్క. ఇంట్ అంటే పూర్ణ సంఖ్య, దానికి మామూలుగా 4 బైట్లు, గదులన్నీ పక్కపక్కనే, మొదటిది మెమరీలో 1000 అడ్రస్‌లో ఉందనుకో, నీ అర్రే పేరు మార్క్స్ అయితే మార్క్స్[3] అంటే 1000 + 3×4, నేరుగా 1012కి పోద్ది, మధ్యలోవి చూడదు. మొదటిదానికి దూరం సున్నా, అంతే.

గుంటూరు అక్క:
గదిలో విలువ చూడటం తేలికే, మధ్యలో కొత్తది ఇరికించడమే చాకిరీ. మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) వరసగా పేర్చాక మధ్యలో ఇంకోటి పెట్టాలంటే వెనకున్నవన్నీ జరపాలిగా, ఇదీ అంతే, పైగా చివరిదాని నుంచి జరుపుకుంటూ రావాలి, ముందు నుంచి జరిపితే ఒకటే విలువ అన్నింట్లోకీ కాపీ అయిపోద్ది (పరీక్షలో ఇట్టాగే చేసి మార్కులు పోగొట్టుకున్నా). అసలు చివర ఖాళీ గది ఉండాలి, ఐదే ఉంటే ఆరోదానికి చోటెక్కడిది.

బెజవాడ కుర్రోడు:
330 వచ్చిందన్నా!! మరి టూ డైమెన్షనల్ అర్రే అంటే?

బ్రాడీపేట అన్న:
మా గుంటూరు బ్రాడీపేటలో అడ్రస్ 4/14 అంటాం చూడు, నాలుగో లైను పద్నాలుగో అడ్డరోడ్డు, రెండు నంబర్లు చెప్తే ఆటో అబ్బాయి దింపేస్తాడు. అర్రే[4][14] కూడా అదే, కాకపోతే లెక్క 0 నుంచి. మెమరీకి లైన్లూ అడ్డరోడ్లూ ఏం తెలీవు, అంతా ఒకటే పొడుగు వరస, సి ఒక రో (అడ్డ వరస) అయ్యాక ఇంకో రో పేర్చుద్ది. రోకి 4 గదులుంటే అర్రే[1][2] కోసం 1×4 + 2, ఆరు గదులు దాటాలి.

బెజవాడ కుర్రోడు:
పైథాన్‌లో ఇండెక్స్‌గా -1 చూశా, అది సి లో కూడా పనిచేసిద్దా?

గుంటూరు అక్క:
పైథాన్‌లో -1 అంటే చివరిది. సి లో రాశావంటే మళ్లీ పక్కింట్లోకే నాన్నా, ఈసారి మొదటి గదికి అటేపు.